వంటింటి రామాయణం

ఈపాటికి వంటా వార్పూ ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళ అయివుంటుంది మీకు. పని తెమలకపోయినా ఏం ఫరవాలేదు. చేతులు పనిలో ఉంటే చెవులు ఖాళీగానే ఉంటాయి కదా! చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూనే వినండి.

రామాయణం ఎవరు వ్రాశారు అని అడిగితే పసిపిల్లలైనా వాల్మీకి అని టక్కున చెప్తారు. తెలుగులో ఎవరు వ్రాశారయ్యా అంటే కాస్త చదువుకున్నవాళ్ళు మొల్ల పేరో, రంగనాథ రామాయణం పేరో, విశ్వనాథవారి కల్పవృక్షం పేరో చెప్తారు. బాగానే ఉంది. మరి మీకు మొట్టమొదట రామాయణం చెప్పినవారు ఎవరండీ? ఒక్క నిమిషం ఆలోచించండి. అమ్మమ్మో, నాయనమ్మో, పక్కింటి పెద్దమ్మగారో అయివుంటారు. ఆవిడ పుస్తకం చూసి చెప్పి ఉండరు. బియ్యం ఏరుకుంటూనో, ఉయ్యాల ఊపుతూనో పాడి ఉంటారు. అదుగో, ఆ రామాయణం గురించే ఇవాళ మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను.

మన తెలుగునాట ఆడవాళ్ళు పాడుకునే రామాయణం పాటలు చాలా ఉన్నాయి. కౌసల్య వేవిళ్ళు, సీత సమర్త, సీత గడియ, ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు - ఇలా ఒకటా రెండా! వీటిని వ్రాసినవారెవరో చాలామటుకు తెలియదు. పాట చివర తన పేరు పెట్టుకోవాలని ఆ తల్లులకి తోచలేదో, పెట్టుకోనిచ్చిన రోజులు కావో! ఈ పాట పాడినవారికీ విన్నవారికీ మేలు కలుగుతుందని చెప్పి ఊరుకుంటారు, అంతే. 1955లో హైదరాబాదులో అప్పటి ఆంధ్ర సారస్వత పరిషత్తువారు శ్రీకృష్ణశ్రీగారి చేత ఏర్చి కూర్పించి 'స్త్రీల రామాయణపు పాటలు' అని ఒక పుస్తకం వేశారు. అలా అచ్చయినవి అచ్చయ్యాయి. కానివి ఎన్నో ఇంకా మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఉన్నాయో లేదో మరి, అదే చూసుకోవాలి.

ఈ పాటల్లో ఏముంటుందో గమనించారా? పుస్తకాల్లో రామాయణమంటే యాగం, విల్లు విరవడం, అడవులు, వారధి, యుద్ధం. మన పాటల్లో యుద్ధం మాట తక్కువ. పెళ్ళి ఉంటుంది, అప్పగింతలు ఉంటాయి, వేవిళ్ళు ఉంటాయి, పురిటినొప్పులు ఉంటాయి, పసివాడికి ఉగ్గుపెట్టడం ఉంటుంది, అత్తాకోడళ్ళ మాటలు ఉంటాయి, వదినా మరదళ్ళ ఎకసెక్కాలు ఉంటాయి. దశరథ మహారాజుకి నలుగురు కొడుకులు పుట్టారని ఒక్కమాటలో చెప్పేస్తే అయిపోతుందా? కన్నతల్లి పడిన బాధ ఎవరు చెప్తారు? అని అడిగినట్టుంటాయి ఆ పాటలు. రామాయణాన్ని సింహాసనం దగ్గర నిలబడి చూడడం ఒక పద్ధతి, వంటింటి గడప దగ్గర నిలబడి చూడడం ఇంకొక పద్ధతి.

ఊర్మిళ సంగతే చూడండి. వాల్మీకి మహర్షి పెళ్ళినాడు ఆమె పేరు చెప్పారు. లక్ష్మణుడు అన్నావదినల వెంట అడవికి బయలుదేరిననాడు మాత్రం ఆమె ఏమన్నదో, ఎలా ఉండిపోయిందో చెప్పలేదు. కావ్యంలో చోటు లేకపోయిందేమో. మన ఆడవాళ్ళు ఊరుకోలేదు. అయ్యో, ఆ పిల్ల ఏమయింది? అని అడిగారు. వాళ్ళే జవాబు చెప్పుకున్నారు. భర్త తనని వెంట తీసుకువెళ్ళనన్నాడు. అంచేత ఊర్మిళ పడకటింట్లో పడుకుని పద్నాలుగేళ్ళూ నిద్రలోనే ఉండిపోయింది. అక్కడ అడవిలో లక్ష్మణుడేమో పద్నాలుగేళ్ళూ కంటిమీద కునుకు లేకుండా కాపలా కాశాడు.

ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన మెలకువా, ఆవిడ నిద్రా ఒకే త్రాసులో రెండు తట్టల్లాంటివి. ఆయన నిద్ర మానినందుకు లోకమంతా మెచ్చుకుంది. ఆవిడ పద్నాలుగేళ్ళ యవ్వనం ఎక్కడ పోయిందో ఎవరూ లెక్క వెయ్యలేదు. ఆ లెక్క వేసింది పాట.

ఇది పురాణకాలం ముచ్చట అని తోసెయ్యకండి. మా వీధిలో కరీంనగర్ వైపునుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. పేరు చెప్పడం భావ్యం కాదు. ఆయన దుబాయిలో పదకొండేళ్ళు పనిచేశారు. రెండేళ్ళకోసారి నలభై రోజులు సెలవు. ఆయన పంపిన డబ్బుతో ఇల్లు కట్టారు, ఆడపడుచు పెళ్ళి చేశారు, అప్పు తీర్చారు. ఊళ్ళో అందరూ ఆయన కష్టాన్ని చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. ఎండలో, పరాయిదేశంలో పడిన కష్టం తక్కువా? కాని ఇక్కడ మామగారిని ఆస్పత్రికి తిప్పిందీ, పిల్లలకి జ్వరమొస్తే రాత్రుళ్ళు ఒంటరిగా కూర్చున్నదీ, మేస్త్రీతో సిమెంటు బస్తాలు లెక్కపెట్టించుకున్నదీ ఆవిడ. ఒకసారి ఆయన సెలవుకి వస్తే చిన్నపిల్లవాడు తలుపుచాటున నుంచుని, 'అమ్మా, ఎవరో వచ్చారు' అన్నాడట. ఆవిడ నవ్వుతూనే చెప్పారు నాతో. ఆ నవ్వు వెనకాల ఏముందో నాకర్థమయింది. పాటలో కూడా ఊర్మిళ నిద్రలేచి ఎదురుగా ఉన్న మగనిని పోల్చుకోలేదు. ఎవరయ్యా నువ్వు, పరాయి ఆడదాని గదిలోకి వచ్చావు, మా తండ్రిగారికి తెలిస్తే ఊరుకుంటారా, పూర్వం ఇంద్రుడికి ఏ గతి పట్టిందో వినలేదా, అని గదమాయించింది. లక్ష్మణుడంతటివాడు కత్తి దూసి తన ప్రాణమే తీసుకోబోయాడు. అప్పుడు పోల్చుకుంది. ఏళ్ళ తరబడి దూరంగా ఉన్న ఆలుమగలు మళ్ళీ కలుసుకోవడమంటే రైలు దిగి ఇంటికి రావడమంత తేలిక కాదని ఆ పాట కట్టిన తల్లికి తెలుసు.

ఇందులో నాకు ఇంకా బాగా నచ్చిన చోటు ఒకటుంది. అయోధ్యలో పట్టాభిషేకం వైభవం. అందరూ సంతోషంలో ఉన్నారు. లక్ష్మణుడు అన్నగారి సేవలో ఉన్నాడు. అలాంటివేళ ఊర్మిళను తలచుకున్నదెవరు? సీత. మా చెల్లెలు అప్పటినుంచీ నిద్రలో ఉంది, మీ తమ్ముణ్ణి ఆమె దగ్గరకు పంపించండి అని రాములవారికి గుర్తుచేసింది. అన్ని కష్టాలు పడి వచ్చినావిడకి తన కష్టం చెప్పుకోవడంతోనే తెల్లవారిపోవాలి. ఆవిడ చెల్లెలి సంగతి ఎత్తింది. మన ఇళ్ళల్లో శుభకార్యమప్పుడు అందరూ పందిట్లో ఫోటోలు దిగుతూంటే, ఇంకా భోజనం చెయ్యనివారెవరా అని వంటింట్లోకి తొంగిచూసే మనిషి ఒకరుంటారు చూడండి, ఆవిడ గుర్తొస్తుంది నాకు. ప్రతి ఇంటికీ అలాంటి మనిషి ఒకరు కావాలి.

ఇక లక్ష్మణదేవర నవ్వు పాటైతే నాకు మహా సరదా. నిండు కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. ఎందుకు నవ్వాడో చెప్పలేదు. సభలో ఉన్నవాళ్ళకి గుండెల్లో రాయిపడింది. నన్ను చూసే నవ్వాడు అని సుగ్రీవుడనుకున్నాడు, నన్నే అని విభీషణుడనుకున్నాడు. భరతుడూ అలాగే, హనుమంతుడూ అలాగే. నెత్తిన గంగమ్మను పెట్టుకున్న శివుడు సైతం తలవంచుకున్నాడు. ఎవరి గుట్టు వాళ్ళకి గుర్తొచ్చింది. సీతమ్మ తనని చూసి అనుకుంది, రాములవారు తనని చూసి అనుకుని కత్తి ఎత్తారు. తీరా చూస్తే సంగతేమిటి? పద్నాలుగేళ్ళు దగ్గరకు రావద్దన్న నిద్రాదేవి, గడువు తీరింది నేను వచ్చానంటూ కొలువులోనే వచ్చి నిలబడింది. దానికి నవ్వొచ్చింది పాపం. నిజం తెలిశాక రాములవారు నొచ్చుకుని, వశిష్ఠులవారు చెప్పినమీదట తమ్ముడు నిద్రపోతూంటే కాళ్ళు పట్టారట!

ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవారికి ఈ పాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఎవరో ఎందుకో నవ్వుతారు. చీర బాగాలేదనేమో అని ఒకరు, పప్పులో ఉప్పెక్కువైందనేమో అని ఒకరు, పుట్టింటివాళ్ళు పెట్టిన సారె చూసేమో అని ఒకరు, మూడురోజులు మాటలుండవు. మాటలతో పొయ్యేది మౌనంతో పెరుగుతుంది. ఇంట్లో అనుమానం వచ్చినప్పుడు, 'ఎందుకు నవ్వావమ్మా?' అని తిన్నగా అడిగెయ్యడం ఎంత మేలో, నలుగురు నోరు నొప్పిపుట్టేలా చెప్పినా ఎక్కనిది పాటలో పెడితే ఎక్కుతుంది.

వెల్చేరు నారాయణరావుగారు ఈ పాటలమీద ఇంగ్లీషులో ఒక వ్యాసం వ్రాశారు. 1991లో అమెరికాలో అచ్చయిన ఒక పుస్తకంలో అది ఉంది. పదో తరగతితో చదువు ముగించినదాన్ని కనుక నా ఇంగ్లీషు అంతంతమాత్రం. మా అమ్మాయి చదివి తెలుగులో చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి వసారాల్లో కూర్చుని పాడుకున్న ఈ పాటల్లో ఆడవాళ్ళు తాము పైకి అనలేని మాటలు అనుకున్నారని ఆయన అంటారు. నిజమే కదా! కోడలు అత్తింటి పెద్దరికాన్ని వేలెత్తి చూపితే ఊరుకుంటారా? సీత పేరుతో పాడితే అది భక్తి అయిపోతుంది. మగవారు వీధి అరుగుమీద కూర్చుని, ఆ, ఆడవాళ్ళ పాటలేగా అని చెవిన పెట్టేవారు కాదు. అలా చెవిన పెట్టకపోవడమే పాటలకి రక్షణ అయింది.

మా అమ్మాయికి ఇరవయ్యేళ్ళు. దానికి ఇదంతా ఒప్పుదల కాలేదు. 'నిద్రపోవడం ఏం గొప్పమ్మా? రానని చెప్పినా వినకుండా తను కూడా బట్టలు సర్దుకుని బయలుదేరాల్సింది' అంది. నాకు కోపం రాలేదు. అడగవలసిన మాటే. అప్పటికి మా అత్తగారి జ్ఞాపకం చక్కగా ఉండేది. ఆవిడ మంచంమీద నుంచే, 'అలా పాడుకోవే నువ్వు, వద్దన్నదెవరు? మేం విన్నది మేం పాడాం, నీకు తోచింది నువ్వు పాడు' అన్నారు. నేనైతే పెద్దవాళ్ళు అలా ఎదురు మాట్లాడకూడదని మందలిస్తారనుకున్నాను. పాట ఎవరి సొత్తూ కాదని ఆవిడ అంత తేలిగ్గా చెప్పేశారు. సంప్రదాయమంటే తాళం వేసిన ఇనప్పెట్టె అనుకుంటాం మనం. మా అత్తగారి దృష్టిలో అది తోడుపెట్టిన పెరుగు. ఏ రోజు పాలు ఆ రోజువే, చేమిరి మాత్రం నిన్నటిది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇవి కొన్ని ఇళ్ళల్లో పాడుకున్న పాటలు. పొలంలో నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, దంపుళ్ళప్పుడు, తిరగలి దగ్గర పాడుకున్నవారి పాటలు వేరు. వాళ్ళ సీత వేరు, వాళ్ళ కష్టం వేరు. నేదునూరి గంగాధరంగారు ఊళ్ళు తిరిగి అలాంటివి ఎన్నో పోగుచేశారు. బిరుదురాజు రామరాజుగారు పరిశోధన చేసి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అనే గ్రంథం 1958లో వెలువరించారు. వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి అక్కచెల్లెళ్ళు పల్లెపాటని రేడియోలోకి తెచ్చి పట్నంవాళ్ళ చేత కూడా పాడించారు. అనసూయాదేవిగారు 2019లో కాలం చేశారు. ఈ పెద్దలు పడిన శ్రమ వల్ల కొంత మిగిలింది. వాళ్ళు వెళ్ళలేకపోయిన ఇళ్ళ మాటేమిటి? అక్కడికి ఎవరు వెళ్తారు? ఆ ఇంట్లో ఉన్న మనమే కదా వెళ్ళాలి.

మా అత్తగారికి ఎనభై దాటాయి. మూడేళ్ళుగా జ్ఞాపకం సడలుతోంది. మతిమరుపు జబ్బు వచ్చినా చిన్నప్పటి పాటలు చాలాకాలం నిలుస్తాయని డాక్టర్లంటారు. ఆవిడ విషయంలో అదే చూస్తున్నాను. పొద్దున్న కాఫీ ఇస్తే, 'ఎవరమ్మాయివమ్మా నువ్వు?' అని ఎంతో మర్యాదగా అడుగుతారు. అదే నోటితో ఊర్మిళాదేవి నిద్ర మొదటినుంచీ ఎత్తుకుంటే తడుముకోకుండా పాడుతారు. పాడినంతసేపూ ఆవిడ మా పాత అత్తగారే. మొన్న వేసవిలో మాత్రం లక్ష్మణుడు గదిలోకి వచ్చే చోట ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే ఆగారు. 'అది లేవలేదే, అమ్మాయ్, అది లేవలేదు' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఊర్మిళ లేవలేదనే ఆవిడ బెంగ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

తెనాలిలో ఆవిడ చెల్లెలుగారున్నారు. ఫోను చేసి, 'పిన్నిగారూ, ఊర్మిళ లేచే చోటు కాస్త పాడండి' అన్నాను. ఆవిడ అటునుంచి పాడారు. నేను ఫోను అత్తగారి చెవి దగ్గర పెట్టాను. రెండు చరణాలు వినగానే ఈవిడ, 'కాదే, అమ్మ అలా పాడలేదు!' అని చెల్లెల్ని దిద్దారు. ఆవిడ అటునుంచి, 'అలాగే పాడిందక్కా' అన్నారు. కాసేపు ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటలో ఈవిడకి మాట అందింది. ఊర్మిళ లేచింది. ఆ రాత్రి మా అత్తగారు హాయిగా నిద్రపోయారు. అప్పుడు నాకు తట్టిందేమిటంటే, పాట ఒక్క మనిషిలో ఉంటే ఆ మనిషితోనే పోతుంది. ఇద్దరిలో ఉంటే ఒకరు మరిచింది మరొకరు అందిస్తారు.

అందుకని మీ అందరితో ఒక మనవి. మీ ఇంట్లో పాటలు తెలిసిన పెద్దవారుంటే ఇవాళే అడగండి. అయితే ఎదురుగా కూర్చోబెట్టి, ఊఁ పాడండి అంటే వాళ్ళకి రాదు, సిగ్గుపడి గొంతు బాగాలేదంటారు. చేతికి ఏదో పని ఇవ్వండి. పువ్వులు కట్టమనండి, వత్తులు చేయమనండి. చెయ్యి ఆడితే పాట దానంతటదే వస్తుంది. మీ చేతిలో సెల్‌ఫోను ఎలాగూ ఉంటుంది, అందులో పట్టుకోండి. దాన్నే నమ్ముకోకుండా ఒక నోటుపుస్తకంలో కూడా వ్రాసుకోండి. వాళ్ళు ఏ మాట ఎలా పలికితే అలాగే వ్రాయండి, వ్యాకరణం పేరుతో దిద్దకండి. మీరు తప్పనుకున్న మాట ఆ ఊరి పాతమాట కావచ్చు. పాట కింద, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ వేడుకలో పాడేవారు అన్న మూడు సంగతులూ వ్రాయండి. ఆ మూడూ లేకపోతే పాట చిరునామా లేని ఉత్తరమైపోతుంది. ఒకే పాట ఇద్దరు రెండు రకాలుగా పాడితే రెండూ వ్రాయండి.

వ్రాసి బీరువాలో పెడితే చాలదండోయ్. ఒక్క పాటైనా మీకు రావాలి. ఇప్పుడు సీమంతమంటే హాలు తీసుకుని సినిమా పాటలు పెట్టేస్తున్నారు. పెట్టుకోనివ్వండి, వాళ్ళ సరదా వాళ్ళది. మధ్యలో ఒక్క పది నిమిషాలు ఆ పెట్టె ఆపించి, కడుపుతో ఉన్న పిల్లను కూర్చోబెట్టి కౌసల్య వేవిళ్ళు పాడండి. గొంతు బాగుండాలని లేదు. మన అమ్మమ్మలందరికీ ఏమన్నా గాత్రకచేరీ గొంతులున్నాయా? పుల్లమామిడికాయ తినాలనిపించిందని కౌసల్యాదేవికి కూడా అనిపించి ఉంటుందని తెలిస్తే ఆ పిల్లకి ఎంత ధైర్యం! తనకి జరుగుతున్నది తన ఒక్కతెకే జరగడం లేదని తెలియడంకన్నా ఓదార్పు ఏముంటుంది?

మనకి ఆస్తులు వ్రాసిచ్చిన తల్లులు తక్కువ. వాళ్ళ పేరుమీద ఆస్తులుంటే కదా వ్రాసివ్వడానికి! వాళ్ళ చేతిలో ఉన్నది వాళ్ళు పాటగా ఇచ్చి వెళ్ళారు. తీసుకునే చెయ్యి మనది. ఈ సాయంత్రం దీపం పెట్టాక మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి, 'మీకు ఊర్మిళ పాట వచ్చా?' అని. వస్తే మీ అదృష్టం. రాకపోతే పక్కింట్లో అడగండి.